అండం దాతది, మోసేది మీరు: ముప్పు తగ్గే దారి ఎంచుకోవడం ఎలా?

మూడో నెల నిండిన వారం. స్కానింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర అమ్మాయి ఫారం నింపుతూ, "మీ వయసెంతమ్మా?" అని అడిగింది. మా చెల్లెలు "నలభై మూడు" అని చెప్పింది. అమ్మాయి ఆ అంకె రాసుకుని రక్తం తీయించి పంపేసింది. నాలుగు రోజుల తర్వాత డబుల్ మార్కర్ రిపోర్టు వచ్చింది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము ఎక్కువై పుట్టడం) ముప్పు ఎక్కువ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆ రెండు రాత్రులు మా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

మూడో రోజు డాక్టరమ్మ ఆ కాగితం చూసి ఒకటే మాట అడిగారు: "అండం ఇచ్చినామె వయసెంత?" ఇరవై ఆరు. ఆ అంకెతో మళ్లీ లెక్క కట్టిస్తే ముప్పు చాలా తక్కువ అని తేలింది. మొదటి ఫారంలో అబద్ధమేమీ లేదు. అక్కడ రాయాల్సింది మా చెల్లెలి వయసు కాదు, అంతే.

దాత అండంతో గర్భం దాల్చాలనుకునే వాళ్లు ముందుగా తలకెక్కించుకోవాల్సింది ఇదే. ఈ గర్భానికి రెండు వయసులు ఉంటాయి. క్రోమోజోముల లోపాలు, గర్భస్రావం, అసలు పిండం నిలుస్తుందా లేదా అన్నవి ఎక్కువగా అండం వయసును బట్టి నడుస్తాయి. బీపీ, షుగరు, గుండె మీద భారం, కాన్పులో రక్తస్రావం మోసే ఒంటి వయసును బట్టి నడుస్తాయి. దాత అండం మొదటి లెక్కను మారుస్తుంది. రెండో లెక్కను మార్చదు, పైగా దానికి ఇంకాస్త జోడిస్తుంది. ఆ జోడింపు ఎంతో, దాన్ని ఏయే ఎంపికలతో తగ్గించుకోవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. రెండున్నరేళ్లు చెల్లెలి వెంట ఆసుపత్రుల బెంచీల మీద కూర్చుని, అడిగినవీ చదివినవీ నోటుపుస్తకంలో రాసుకున్నదాన్ని.

సొంత అండమా, దాత అండమా?

డౌన్ సిండ్రోమ్ ముప్పు 25 ఏళ్ల వయసు అండంతో సుమారు 1250 మందిలో ఒకరికి. 40 ఏళ్ల అండంతో అది సుమారు 100 మందిలో ఒకరికి. ఐవీఎఫ్ (అండాన్ని ల్యాబులో ఫలదీకరించి పిండాన్ని గర్భాశయంలో ఉంచడం) ఫలించడమూ ఇలాగే ఉంటుంది. 44 దాటాక సొంత అండాలతో ఒక్కో ప్రయత్నానికి బిడ్డ చేతికొచ్చే అవకాశం నూటికి ఐదు కూడా ఉండదు. నిలిచినవాటిలోనూ దాదాపు సగం పోతాయి. యువతి ఇచ్చిన అండంతో తయారైన మంచి పిండాన్ని ఉంచితే అవకాశం సగానికి దగ్గరగా వస్తుంది. ఈ తేడా చూసే చాలామంది దాత అండం వైపు మళ్లుతారు. అందులో తప్పు లేదు.

తక్కెడలో రెండో వైపు ప్రీ ఎక్లాంప్సియా ఉంది. ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరడం, మూత్రంలో ప్రొటీను పోవడం లేదా కాలేయం, కిడ్నీలు, రక్తకణాలు దెబ్బతినడం దీని లక్షణాలు. ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవాళ్లు. సొంత అండంతో ఐవీఎఫ్ చేయించుకున్నవారితో పోలిస్తే దాత అండంతో గర్భం దాల్చినవారిలో ఇది సుమారు రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ. సహజంగా గర్భం వచ్చినవారితో పోలిస్తే నాలుగు రెట్ల దాకా ఉంటుంది. వయసు, కవలలు వంటివి లెక్కలోంచి తీసేసినా తేడా మిగులుతూనే ఉంది. అంటే వయసుకు తోడు అండం పరాయిది కావడం కూడా ఒక కారణమే.

ఎందుకు? మామూలు గర్భంలో బిడ్డ కణాల్లో సగం తల్లి పోలిక, సగం తండ్రి పోలిక ఉంటుంది. తల్లి ఒంటి రక్షణ వ్యవస్థ ఆ సగం కొత్తదనానికి సర్దుకుంటుంది. దాత అండమైతే బిడ్డ మొత్తంగా కొత్తే. మాయ గర్భాశయంలో వేళ్లూనుకునే మొదటి వారాల్లో ఈ సర్దుబాటు సరిగా కుదరకపోతే, మాయకు రక్తం తెచ్చే నాళాలు కావలసినంత వెడల్పు కావు. దాని ఫలితం నెలల తర్వాత బీపీ రూపంలో బయటపడుతుంది. అందరికీ ఇలా జరగదు. చాలా కాన్పులు సవ్యంగానే ముగుస్తాయి. కానీ జరిగే అవకాశం ఎక్కువని ముందే తెలిస్తే చేయగలిగినవి చాలా ఉన్నాయి.

పోల్చేటప్పుడు ఒక పొరపాటు చేస్తారు. 43 ఏళ్ల మనిషి తన ముప్పును పక్కింటి పాతికేళ్ల కోడలితో పోల్చుకుని బెదిరిపోతుంది. ఆ కోడలి వయసు ఎలాగూ తిరిగి రాదు. 43లో సొంత అండంతో గర్భం నిలిచినా షుగరు, బీపీ, సిజేరియన్ ముప్పులు ఉండనే ఉంటాయి. పోల్చాల్సింది అదే వయసులో ఉన్న రెండు దారులను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 43 దాటి, గుండె, బీపీ, షుగరు అదుపులో ఉన్నవారికి దాత అండం అర్థవంతమైన ఎంపిక. ముప్పైల్లో ఉన్నవారు మాత్రం తొందరపడకూడదు. ఏఎంహెచ్ అనే రక్తపరీక్షలో అంకె తక్కువ అన్న ఒక్క మాట మీద దాత అండానికి సంతకం పెట్టించే చోట్లు ఉన్నాయి. ఏఎంహెచ్ ఎన్ని అండాలు మిగిలాయో అంచనా ఇస్తుంది. ఉన్నవి మంచివా కావా అన్నది అది చెప్పదు. 34 ఏళ్ల మనిషికి ఉన్న నాలుగు అండాలు 34 ఏళ్లవే. ఒక్క ప్రయత్నం విఫలమవగానే దాత అండం అంటున్నారంటే, అది మీ కోసమా, గోడ మీద బోర్డులో రాసుకునే విజయాల శాతం కోసమా అని అనుమానించాల్సిందే. రెండో డాక్టరు దగ్గర అదే ఫైలు చూపించండి.

మేనరికపు జంటల సంగతి వేరు. ఇద్దరిలోనూ ఒకే జబ్బు జన్యువు ఉండి, ఒక బిడ్డ పోయాక దాత అండం వైపు వచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. వయసు తక్కువైతే సొంత అండాలతోనే పిండాలు తయారుచేసి, ఆ జబ్బు లేని పిండాన్ని పరీక్షతో ఎంచుకునే దారి ఉంది. తల్లి ఆరోగ్యం వైపు నుంచి చూస్తే అదే మెరుగు, ఎందుకంటే పరాయి అండం తెచ్చే బీపీ ముప్పు అందులో ఉండదు. జన్యు వైద్యుల సలహా తీసుకోకుండా దాన్ని కొట్టిపారేయకూడదు.

అసలు మోయవచ్చా?

2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల మహిళ దాత అండంతో కవల ఆడపిల్లలను కన్నది. దేశమంతా వార్త అయింది. "ఆమెకే అయినప్పుడు మనకెందుకు కాదు" అన్న మాట ఆ తర్వాత ఎన్ని వెయిటింగ్ హాళ్లలో వినిపించిందో. అవుతుందా అన్నది ఒక ప్రశ్న, అయ్యాక ఒళ్లు తట్టుకుంటుందా అన్నది మరో ప్రశ్న. గర్భాశయం చాలా ఏళ్లు మందులకు స్పందిస్తుంది. గుండె, రక్తనాళాలు అంత ఉదారంగా ఉండవు. 2021లో వచ్చిన చట్టం ఈ చికిత్సలకు మహిళలకు 50, పురుషులకు 55 ఏళ్ల పరిమితి పెట్టింది. అమెరికా సంతాన వైద్యుల సంఘం 55 దాటినవారిని ప్రోత్సహించవద్దని అంటుంది.

వయసు తక్కువైనా ఆగి ఆలోచించాల్సిన వాళ్లు ఉన్నారు. టర్నర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోము లేకుండానో లోపంతోనో పుట్టడం) ఉన్నవారికి సొంత అండాలు దాదాపు ఉండవు కనుక దాత అండమే గతి అంటారు. కానీ వాళ్లలో గర్భం సమయంలో గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని చీలిపోయే ప్రమాదం ఉంది. ప్రాణం పోయే అవకాశం నూటికి రెండు దాకా ఉండవచ్చని లెక్క. ఇదేమీ చిన్న అంకె కాదు. ఎకో, ఎంఆర్‌ఐ చూసి గుండె వైద్యులు సరే అనేదాకా అడుగు వేయకూడదు. కిడ్నీ జబ్బు, ముందునుంచీ అదుపు తప్పిన బీపీ ఉన్నవారికీ ఇదే మాట.

నలభై దాటిన ప్రతి ఒక్కరూ పిండం పెట్టించుకునే ముందే ఎకో, బీపీ, మూడు నెలల షుగరు సగటు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి. గర్భం వచ్చాక బయటపడితే అప్పుడు మందులకు పరిమితులు, మనసుకు భయం.

ఒక పిండమా, రెండా?

మీ చేతిలో ఉన్న ఎంపికలన్నిటిలో ముప్పును ఎక్కువగా మార్చేది ఇదే. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. "ఒకే ఖర్చు, ఇద్దరు పిల్లలు, ఒకేసారి బాధ్యత తీరిపోతుంది" అన్న మాట అత్తగారి నోట మాత్రమే కాదు, కన్సల్టేషన్ గదిలో కూడా విన్నాను. నిజం వేరు. దాత అండం వల్ల వచ్చే బీపీ ముప్పుకు కవలలు తోడైతే అది ఎక్కడికో పోతుంది. దానికి నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువు, పిల్లలు వారాల తరబడి పసికందుల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో ఉండటం జతవుతాయి. అప్పుడు "ఒకే ఖర్చు" అన్న లెక్క కూడా తలకిందులవుతుంది.

యువ దాత అండంతో ఐదో రోజు దాకా పెరిగిన పిండం ఒక్కటే సగం అవకాశం ఇస్తున్నప్పుడు రెండోది పెట్టడం తొందరపాటు. దాన్ని గడ్డకట్టించి దాచుకోవచ్చు. మోసే మనిషి వయసు ఎక్కువని రెండు పెడతామంటే, పిండం వయసు దాతదే కదా అని అడగండి. ఎన్ని పెట్టాలో తేల్చేది దాత వయసే. మన చట్టం ప్రకారం ఒక దాత నుంచి జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా తీయాలి. ఏడు అండాల నుంచి చివరికి రెండు మూడు మంచి పిండాలు మిగిలితే అదృష్టం. ఉన్నవి తక్కువన్న ఆత్రంలో అన్నీ ఒకేసారి పెట్టించుకుంటారు. తక్కువ ఉన్నాయి కనుకనే ఒక్కొక్కటిగా వాడుకోవాలి.

హార్మోను మాత్రలతోనా, సహజ నెలసరితోనా?

ఈ ప్రశ్న ఉందనే చాలామందికి తెలియదు. పిండాన్ని ఉంచే ముందు గర్భాశయం పొరను సిద్ధం చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఈస్ట్రోజెన్ మాత్రలు, ఆపైన ప్రొజెస్టెరాన్. రెండోది మీ సొంత నెలసరిని గమనిస్తూ, అండం విడుదలైన తర్వాత సరైన రోజున పిండం ఉంచడం.

మాత్రల పద్ధతి క్లినిక్‌కు సుఖం. తేదీ వాళ్లు నిర్ణయించుకోవచ్చు, ఆదివారం రాకుండా చూసుకోవచ్చు. కానీ అందులో అండం విడుదల కాదు. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే కార్పస్ లూటియం అనే పసుపు ముద్ద ప్రొజెస్టెరాన్‌తో పాటు రిలాక్సిన్ వంటివి కూడా స్రవిస్తుంది. తొలి వారాల్లో రక్తనాళాలు గర్భానికి తగ్గట్టు సడలడానికి అవి తోడ్పడతాయి. మాత్రల పద్ధతిలో ఆ ముద్దే ఉండదు. ఆ పద్ధతిలో గర్భం దాల్చినవారిలో ప్రీ ఎక్లాంప్సియా ఎక్కువగా కనిపించిందని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి.

మెనోపాజ్ వచ్చినవారికి, అండాశయాలు ముందే ఆగిపోయినవారికి మాత్రలు తప్పవు. నలభైల్లో ఉండి నెలసరి ఇంకా సక్రమంగా వస్తున్నవారు మాత్రం "నాకు సహజ పద్ధతిలో చేయవచ్చా?" అని అడగాలి. నాలుగైదు స్కాన్లకు అదనంగా తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు దండగ కాదు.

తాజా అండమా, గడ్డకట్టించినదా అన్న చర్చకు తల్లి ఆరోగ్యం వైపు నుంచి పెద్ద విలువ లేదు. ఇప్పటి పద్ధతుల్లో రెండూ బాగానే పనిచేస్తాయి. ల్యాబు అనుభవం చూసుకోండి చాలు.

దాత గురించి ఏం అడగాలి?

రంగు, ఎత్తు, కులం అడిగేవాళ్లను చూశాను. బ్లడ్ గ్రూపు అడిగినవాళ్లను తక్కువే చూశాను. అండం నమోదైన బ్యాంకు నుంచే రావాలి, దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. పేరు చెప్పరు. కానీ వయసు, బ్లడ్ గ్రూపు, పాజిటివా నెగటివా అని చెప్పే ఆర్‌హెచ్, వంశపారంపర్య రక్తజబ్బు తలసీమియా పరీక్ష ఫలితం అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోవాలి. గర్భిణికి చేసే తలసీమియా పరీక్ష ఇక్కడ బిడ్డ గురించి ఏమీ చెప్పదు. బిడ్డకు సంక్రమించేవి దాతవి, భర్తవి. మన్యం ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు విషయమూ ఇంతే.

ఎవరికి చెప్పాలి, ఎవరికి దాచాలి?

అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. బిడ్డకు ఎప్పుడు చెప్పాలన్నది ఇంకా పెద్ద విషయం, ఇక్కడ తేలేది కాదు. గర్భం చూసే డాక్టరుకు మాత్రం దాచకూడదు. మన దగ్గర ఐవీఎఫ్ ఒక చోట, నెలనెలా చూపించుకోవడం ఇంకో చోట, కాన్పు పుట్టింటి ఊళ్లో జరుగుతుంటాయి. ఈ మూడు చోట్ల మధ్య "దాత అండం" అన్న రెండు మాటలు ఎక్కడో జారిపోతాయి. వాటిని చెప్పకపోతే జరిగేవి ఇవీ.

భార్యాభర్తలిద్దరూ నెగటివ్ గ్రూపు అనుకోండి. మామూలుగా అయితే బిడ్డ కూడా నెగటివే, యాంటీ డి ఇంజెక్షన్ అక్కర్లేదని డాక్టరు వదిలేస్తారు. దాత పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. అప్పుడు ఏడో నెలలో ఒకటి, కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి పడాల్సిందే. లేకపోతే తల్లి రక్తంలో పుట్టే ప్రతినిరోధకాలు తర్వాతి గర్భాన్ని దెబ్బతీస్తాయి. దాచిపెట్టిన ఒక్క మాట ఖరీదు అది.

ఇంకోటి. తల్లి ఓ గ్రూపు, బిడ్డ ఏబీ గ్రూపు. సొంత అండంతో ఇది కుదరదు. దాత అండంతో కుదురుతుంది. విషయం తెలియని వార్డులో నర్సు "బిడ్డ మారిపోయిందేమో" అని గాభరాపడితే, తొమ్మిది నెలలు దాచిన సంగతి చుట్టాలందరి ముందు బయటపడుతుంది. డాక్టరుకు ముందే చెప్పి, ఫైలు మీద అందరికీ కనిపించేలా రాయవద్దని కోరితే రెండూ నెరవేరతాయి. తల్లి రక్తంతో బిడ్డ క్రోమోజోములు చూసే ఎన్‌ఐపీటీ పరీక్షకు కూడా ల్యాబుకు దాత అండమని చెప్పాలి. కొన్ని రకాల పరీక్షలు తల్లి డీఎన్‌ఏతో పోల్చి లెక్కకడతాయి.

పుట్టింటి నర్సింగ్ హోమా, నగరం ఆసుపత్రా?

తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. మా అమ్మ కూడా ఏడో నెలలో శ్రీమంతం చేసి తీసుకెళతానని పట్టుబట్టింది. ఊళ్లో డాక్టరమ్మ మంచి మనిషి, మా ఇద్దరినీ కాన్పు చేసిందీ ఆమే. అయినా అక్కడ రక్తనిధి లేదు, ఐసీయూ లేదు, నెలలు నిండని బిడ్డకు వెంటిలేటరు లేదు. దాత అండం గర్భాల్లో మాయ కిందికి ఉండటం, గర్భాశయానికి గట్టిగా అతుక్కుపోవడం, కాన్పు తర్వాత ఎక్కువ రక్తస్రావం కావడం మామూలు కంటే ఎక్కువ. రక్తం సీసా కోసం యాభై కిలోమీటర్లు కారు పంపే చోట ఈ కాన్పు వద్దు. అమ్మే నగరానికి వచ్చి మూడు నెలలు ఉంది. శ్రీమంతం అద్దె ఇంట్లోనే జరిగింది.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి: రక్తనిధి ఆవరణలోనే ఉందా, తల్లికి ఐసీయూ ఉందా, రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఉంటారా, ఎన్‌ఐసీయూ ఉందా. ఏసీ గదులు, బఫే భోజనం గురించి వాళ్లే చెబుతారు, మీరు అడగక్కర్లేదు.

మూడో నెలలోనే ఆస్పిరిన్ గురించి మాట్లాడాలి. 2017లో వెలువడిన ఆస్ప్రే అనే పెద్ద ప్రయోగంలో, ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, నెలలు నిండకముందే వచ్చే ప్రీ ఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. దీన్ని 16 వారాల్లోపే మొదలుపెట్టాలి. ఆరో నెలలో గుర్తొస్తే ప్రయోజనం పెద్దగా ఉండదు. మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోవద్దు, అలాగని డాక్టరు తనంతట తానే రాస్తారని ఊరుకోవద్దు. పాలూ పెరుగూ తక్కువ తినేవారికి క్యాల్షియం కూడా బీపీ ముప్పు తగ్గిస్తుంది. మనవాళ్లలో త్వరగా వచ్చే షుగరు సంగతి 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూసే పరీక్షతో తేలుతుంది. 140 దాటితే గర్భిణి షుగరే.

చెల్లెలి భర్త, మా మరిది, బీపీ మిషన్ కొని, రోజూ ఉదయం ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి చెల్లెలిని కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి కొలిచేవాడు. గళ్ల నోటుపుస్తకంలో తేదీ, వేళ, అంకె రాసేవాడు. 34వ వారం మంగళవారం రాత్రి 148/96 వచ్చింది. "పొద్దున ఉప్పు ఎక్కువ తిన్నానేమో" అంది చెల్లెలు. పావుగంట ఆగి మళ్లీ చూశాడు. 150/98. తలనొప్పి లేదు, కళ్ల ముందు మిణుగురులు లేవు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి లేదు. అయినా ఆ రాత్రే వెళ్లారు. మందులతో బీపీని అదుపులో ఉంచి 37 వారాలు నిండాక సిజేరియన్ చేశారు. పాప 2 కిలోల 600 గ్రాములు.

మోయకుండా ఉండే దారులు

సరొగసీతో ముప్పు పోదు, ఇంకో మనిషి ఒంటికి మారుతుంది. మోసే ఆమెకూ ఆ అండం పరాయిదే. చట్టం ప్రకారం ఆమె 25 నుంచి 35 ఏళ్ల వివాహిత, సొంత బిడ్డ ఉన్నామె, డబ్బు తీసుకోకుండా ఒప్పుకున్నామె కావాలి. గుండె జబ్బో, గర్భాశయం లేకపోవడమో కారణమైతేనే ఆ దారి సబబు. భయం కారణమైతే కాదు.

దత్తత వైపు మనసు ఉంటే వయసు లెక్క ముందే చూసుకోండి. రెండేళ్లలోపు బిడ్డ కోసమైతే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. ఐవీఎఫ్ ప్రయత్నాల్లో ఐదేళ్లు గడిపి ఆ గీత దాటేశాక గుర్తుచేసుకునేవాళ్లు ఉన్నారు. నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది కనుక, చికిత్స మొదలుపెట్టినప్పుడే పేరు నమోదు విషయం కూడా వాకబు చేయడం మంచిది.

కాన్పయ్యాక

బిడ్డ పుట్టగానే అందరి కళ్లూ ఉయ్యాల మీదికి మళ్లుతాయి. బీపీ మాత్రం కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య మళ్లీ ఎగబాకే అవకాశం ఉంది, ఫిట్స్ కూడా అప్పుడు రావచ్చు. సాధారణంగా డిశ్చార్జి చేసి ఇంటికి పంపేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆరు వారాల దాకా తలనొప్పిని "నిద్ర లేక" అని తోసేయకూడదు.

మా మరిది నోటుపుస్తకం పురిట్లో కూడా నడిచింది. ఐదో రోజు 152/94 అని, పక్కన "మాత్ర పెంచారు" అని ఉంది. నలభై రెండో రోజు 122/80. ఆ కింద గీత గీసి, తర్వాతి పేజీలో పాప బరువు రాయడం మొదలుపెట్టాడు.